ప్రీ లాంచ్‌లో చవక ఫ్లాటు, స్నేహితుడి పేర రిజిస్ట్రేషన్: కొనవచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. నేను పనిచేసే మహానగరంలో ఫ్లాటు కొనే స్తోమత లేదు. అందుకే ధరలు అందుబాటులో ఉన్న మా జిల్లా కేంద్రంలో ఒక ఫ్లాటు కొని అద్దెకివ్వాలనుకుంటున్నాను. ఇదే నా మొదటి పెట్టుబడి. అక్కడ 1,800 గజాల్లో 40 ఫ్లాట్లు కడతామంటూ ఒక బిల్డర్ ప్రీ లాంచ్ ఆఫర్ పెట్టాడు. మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే 24 లక్షలకే ఇస్తాడట. అనుమతులు వచ్చేలోగా స్థలంలో అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తానంటున్నాడు. నా దగ్గర 14 లక్షలున్నాయి. నా సిబిల్ స్కోరు బాగాలేదు కాబట్టి మిగతా 10 లక్షలు నా స్నేహితుడు లోను తీసి పెడతానన్నాడు. రిజిస్ట్రేషన్ అతని పేరు మీదే ఉంటుంది. మా ఇద్దరి మధ్య వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే చాలా? టోకెన్‌గా లక్ష రూపాయలు ఇప్పటికే ఫోన్‌లో పంపాను.

జవాబు: చాలదు. అసలు ఆ ఒప్పందమే రేపు మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. అదెలాగో తర్వాత చెబుతాను. ముందు బిల్డర్ సంగతి చూద్దాం.

రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. అందరూ రెరా అనేది దీన్నే. దీని 3వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని స్థలాలకు, లేదా 8 ఫ్లాట్లకు మించని చిన్న కట్టడాలకు మాత్రమే మినహాయింపు ఉంది. మీరు చెప్పిన ప్రాజెక్టు ఏ రకంగానూ అందులోకి రాదు. రెరా నంబరు లేకుండా మీ దగ్గర టోకెన్ తీసుకున్నాడంటే బిల్డర్ అప్పుడే చట్టం దాటాడు. ఇందుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడవచ్చు. ‘ప్రీ లాంచ్’ అనే మాటకు చట్టంలో చోటు లేదు.

రెరా నంబరు ఉన్నా మొత్తం సొమ్ము ముందే అడిగే హక్కు బిల్డర్‌కు లేదు. విక్రయ ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదని 13వ సెక్షన్ చెబుతోంది. కొనుగోలుదారులిచ్చే డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి, భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలని మరో నిబంధన. ఇప్పుడు మీ 24 లక్షలు ఏ ఖాతాలోకి వెళ్తాయో మీకు తెలుసా? ఆ డబ్బుతో మరో ఊళ్లో ఇంకో స్థలానికి అడ్వాన్సు ఇవ్వరని నమ్మకమేమిటి?

అవిభాజ్య వాటా రిజిస్ట్రేషన్ చూసి చాలామంది ధైర్యపడతారు. చేతికి రిజిస్టరైన దస్తావేజు వచ్చింది కదా అని. కానీ ఆ దస్తావేజుతో మీకు వచ్చేది ఫ్లాటు కాదు, 1,800 గజాల ఖాళీ స్థలంలో సరాసరిన 45 గజాల వాటా. అది ఏ మూలన ఉందో చూపించలేరు, కంచె వేయలేరు. మున్సిపల్ అనుమతి రాకపోయినా, బిల్డర్ మధ్యలో చేతులెత్తేసినా 40 మంది ఒక్క మాట మీదికి వచ్చి మరో బిల్డర్‌ను వెతుక్కోవాలి, లేదా విభజన దావా వేసుకోవాలి. అలాంటి దావాల్లో ఒక్కొక్కరికీ నోటీసు అందేసరికే ఏళ్లు గడుస్తాయి. పైగా అనుమతి లేని ప్రాజెక్టుకు మామూలుగా బ్యాంకులు గృహ రుణం ఇవ్వవు. కాబట్టి మీ స్నేహితుడు తెచ్చేది బహుశా పర్సనల్ లోనే. దాని వడ్డీ ఈ రోజు నుంచే మొదలవుతుంది. అద్దె మాత్రం కట్టడం పూర్తయ్యాకే.

ఇక మీ స్నేహితుడి పేరు విషయం. నన్నడిగితే బిల్డర్ కన్నా ఇదే పెద్ద ప్రమాదం. ఆస్తి ఒకరి పేర ఉండి, సొమ్ము మరొకరు పెట్టి, ప్రయోజనం ఆ పెట్టినవారికే ఉద్దేశిస్తే అది బినామీ లావాదేవీ. 2016లో సవరించిన బినామీ చట్టం కొన్ని మినహాయింపులిచ్చింది. లెక్క చూపగల ఆదాయంతో భార్య లేదా భర్త పేర, పిల్లల పేర కొనవచ్చు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో దస్తావేజులో మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. స్నేహితుడు ఈ జాబితాలో లేడు. బావమరిది కూడా లేడు, ఈ సంగతి మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. బినామీ అని తేలితే ఆస్తిని ప్రభుత్వం జప్తు చేయవచ్చు. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఆ స్టాంపు పేపరు సంగతి. ‘ఆస్తి అతని పేర ఉన్నా 14 లక్షల మేరకు అసలు హక్కుదారును నేనే’ అనే కదా అందులో రాసుకుంటారు? రేపు స్నేహితుడు అడ్డం తిరిగితే, ఫ్లాటు నాదంటూ మీరు దావా వేయడానికి బినామీ చట్టం 4వ సెక్షన్ ఒప్పుకోదు. కాగితం తీసుకెళ్లి కోర్టుకు చూపిస్తే అది బినామీ అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. స్నేహితుడు మంచివాడే కావచ్చు. అతనికేదైనా జరిగితే ఆస్తి వారసులకు వెళ్తుంది. వారికి మీరెవరో కూడా తెలియకపోవచ్చు.

ఇద్దరూ కలిసి కొనాలనే ఉంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాయించాలి. వాటాలు రాయకుండా వదిలేస్తే ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరెంత పెట్టారో దాన్నిబట్టి లెక్క కడతారు. రుజువు లేకపోతే చెరి సగం. అయితే స్నేహితులను గృహ రుణంలో ఉమ్మడి దరఖాస్తుదారులుగా చాలా బ్యాంకులు తీసుకోవు. అందుకని నా సలహా ఇది: మీ 14 లక్షల్లో ఒక్కరే కొనగలిగినదాన్ని చూడండి. చిన్న ఊళ్లో పెట్టుబడి పెట్టడంలో ఉన్న లాభమే అది కదా. లేదా ఏడాది ఆగి సిబిల్ బాగు చేసుకోండి.

అద్దె కోసమే అయితే ఇప్పటికే కట్టి, జనం కాపురముంటున్న పాత ఫ్లాటు మీకు నయం. అక్కడ చూడాల్సినవి వేరు. 30 ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నడుస్తున్న కోర్టు కేసు అందులో ఉండదు. దావా పెండింగులో ఉండగా కొంటే తీర్పు మీకూ వర్తిస్తుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో వెతికించండి. ఒరిజినల్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) చేతిలోకి తీసుకుని చూడండి. జిరాక్సులే చూపిస్తుంటే ఒరిజినల్స్ ఏ బ్యాంకులోనో కుదువ ఉన్నాయేమో అనుమానించాలి. బ్యాంకుల్లో తాకట్టు పెట్టిన ఆస్తుల వివరాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్. కొద్దిపాటి రుసుముతో దాని రికార్డుల్లోనూ వెతకవచ్చు. ఆ స్థలం నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడండి. స్థలం పిత్రార్జితమైతే కూతుళ్ల సంతకాలున్నాయా అన్నది ముఖ్యం. 2005 సవరణతో వారికి పుట్టుకతోనే సమాన హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. 

అమ్మేవారు జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించడానికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరైతే జాగ్రత్త. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పు చెప్పింది. స్థల యజమాని బిల్డర్‌కు నిజంగా ఇచ్చిన డెవలప్‌మెంట్ ఒప్పందం, జీపీఏలకు ఆ తీర్పుతో ఇబ్బంది లేదు. అయితే మీరు కొనే ఫ్లాటు యజమాని వాటాలోదా, బిల్డర్ వాటాలోదా అన్నది, ఆ ఇద్దరూ ఫ్లాట్లు పంచుకుంటూ రాసుకునే సప్లిమెంటరీ అగ్రిమెంటులో చూసుకోవాలి.

సగం నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. జరిమానా తీసుకున్నవారికే పడినా, ఆ నగదు ఇచ్చినట్టు రుజువు చేసుకోలేక నష్టపోయేది మీరు. 

మీ టోకెన్ మాటకొస్తే, ఫోన్‌లో పంపడం మంచిదైంది, జాడ ఉంది. ఇకపై పైసా కట్టకండి. రెరా నంబరు, మున్సిపల్ అనుమతి పత్రం 15 రోజుల్లో చూపించాలని, లేకపోతే లక్ష వాపసు చేయాలని రిజిస్టర్డ్ పోస్టులోను, ఈమెయిల్‌లోను రాయండి. బ్రోచరు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా దాచండి. జవాబు రాకపోతే రెరా అథారిటీకి 31వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. దీన్ని మీరే వేసుకోవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. టోకెన్ తీసుకునేటప్పుడు ‘వాపసు ఇవ్వబడదు’ అని ఏదైనా కాగితం మీద మీ సంతకం పెట్టించుకుని ఉంటే, నోటీసు పంపే ముందు ఆ కాగితం ఎవరైనా న్యాయవాదికి చూపించండి.