మొదటి ఇంజెక్షన్‌కు ముందు కళ్ళు చూపించుకో

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

లివరు జబ్బు హెపటైటిస్ బికి నీకు వారానికొకటి చొప్పున 48 వారాలు పెగ్‌ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు రాశారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పదిహేనేళ్ళ కిందట హెపటైటిస్ సికి నేను పొడిపించుకున్నదీ ఆ ఇంజెక్షనే. ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలొచ్చాయి, చాలామందికి 12 వారాల్లో నయమైపోతోంది. మా రోజుల్లో ఆ సుఖం లేదు.

జ్వరం, ఒళ్ళునొప్పులు, జుట్టు రాలడం గురించి నీకు అందరూ చెబుతారు. కళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో నెలలో అద్దాలు మార్చుకుందామని వెళితే కంటి డాక్టరు చుక్కలు వేసి, లోపలికి లైటు కొట్టి చూసి, "మీరు ఏం మందులు వాడుతున్నారు?" అన్నాడు. రెటీనా మీద, అంటే కంటి లోపల వెనక ఉండే పొర మీద, దూదిపింజల్లాంటి తెల్ల మచ్చలు, పక్కన సన్నటి నెత్తుటి చారలు ఉన్నాయట. నేనేమో ఆ పొద్దున కూడా పేపరు చివరి పేజీదాకా చదివి వచ్చాను!

ఈ ఇంజెక్షను వల్ల సన్నటి రక్తనాళాల్లో నెత్తురు సరిగా ఆడకపోతే అలా అవుతుందట. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనబడతాయి, చాలామందికి వాటంతటవే పోతాయి. నావీ పోయాయి. అరుదుగా రెటీనా సిర మూసుకుపోవడమో, కంటి నరానికి నెత్తురు అందకపోవడమో జరిగితే మాత్రం పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. నీకు బీపీ ఉంది కదా, అందుకే ఈ ఉత్తరం.

మొదటి ఇంజెక్షన్‌కు ముందే రెటీనా పరీక్ష చేయించి, ఫొటో తీయించి దాచు. తర్వాత మచ్చ కనబడితే పాతదో కొత్తదో అదే చెబుతుంది. మళ్ళీ ఎప్పుడు రావాలో అక్కడే అడిగి రాయించుకో. కామెర్లకోసం కనుగుడ్డు తెల్లదనం చూసి "బాగానే ఉంది" అనే చుట్టాల మాట దీనికి పనికిరాదు.

ఇంట్లో రోజూ ఒక కన్ను మూసి గోడ క్యాలెండరులో వర్జ్యం, రాహుకాలం అక్షరాలు చదువు, తర్వాత రెండో కన్నుతో. రెండూ తెరిచి చూస్తే ఒక కంటి లోపాన్ని ఇంకోటి కప్పేస్తుంది. అక్షరాలు మసకబారినా, నల్లటి మరక అడ్డం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు, లివరు డాక్టరుకూ ఫోను చెయ్యి. ఇంజెక్షను ఆపాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చాలి, నువ్వు కాదు.

చుక్కలు వేశాక నాలుగైదు గంటలు ఎండ భరించలేవు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ రోజు బండి తీయకు, తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళు.