చిన్నా, ఆ రివ్యూ తీసెయ్యకు, తిరగరాయి

చిన్నా,

రాత్రి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున చూశాను. మణిరత్నం సినిమా 'పొన్నియిన్ సెల్వన్' రెండు భాగాలూ వరసగా రెండు రాత్రుల్లో చూసేసి, కథే లేదని, బాహుబలితో పోల్చి తిడుతూ నువ్వు రాసిన రివ్యూ కూడా చదివాను. దానికి మీ ఆఫీసులో సగం మంది శభాష్ అన్నారనీ, ఆ తమిళ అబ్బాయి మాత్రం నీతో భోజనానికి రావడం మానేశాడనీ రాశావు. తీసెయ్యమంటావా పెద్దమ్మా అని అడిగావు కదా, వద్దు, తీసెయ్యకు. అలాగే ఉంచొద్దు కూడా. మళ్ళీ కూర్చుని రాయి. పెళ్ళయి మద్రాసు వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఆ సినిమాకి మూలమైన కల్కి కృష్ణమూర్తి నవల చదవాలనే కోరికతోనే నేను తమిళ అక్షరాలు దిద్దుకున్నాను, కాబట్టి ఈ విషయంలో నా మాట కొంచెం విను.

2022 సెప్టెంబర్ 30న మొదటి భాగం వచ్చిన రోజే మా పైవాటా మామితో కలిసి వెళ్ళాను. ఆవిడ దగ్గర వాళ్ళ నాన్నగారు 'కల్కి' వారపత్రికలోంచి పేజీలు కత్తిరించి బైండు చేయించిన పుస్తకాలున్నాయి. ఆ కథ 1950 అక్టోబర్ నుంచి 1954 మే దాకా వారం వారం వచ్చింది మరి, వాటిలో మణియం వేసిన బొమ్మల్ని చూస్తూ పెరిగిన మనిషి ఆవిడ. తెర మీద కథానాయకుడు వందియదేవుడు గుర్రం మీద రాగానే నా చుట్టూ ఉన్న డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంటర్వెల్‌లో మామి ఏవేవి మారాయో, ఏవి పోయాయో వేళ్ళు మడిచి లెక్కపెడుతూ కూర్చుంది. అదే రాత్రి విజయవాడ నుంచి మీ అమ్మ ఫోను, "ఎవరు ఎవరికి ఏమవుతారో నాకేం తెలియలేదక్కా, అందరూ నగలు వేసుకుని గుసగుసలాడారు, లేచి వచ్చేశాం" అని. ఒకే సినిమా, ఒకే రోజు. మామి బాధా నిజమే, మీ అమ్మ విసుగూ నిజమే. కానీ ఆ రెండూ ఒక జబ్బు కాదురా, రెండు వేరు వేరు జబ్బులు, నువ్వేమో రెండింటినీ కలిపి ఒకే మందు రాసేశావు.

అందుకే నువ్వు మొదట చెయ్యాల్సిన పని, నువ్వెక్కడ కూర్చుని చూశావో మొదటి వాక్యంలోనే చెప్పడం. "నేను నవల చదవలేదు, చోళుల గురించి స్కూల్లో చదివినంతే తెలుసు, తెలుగు డబ్బింగులో చూశాను" అని రాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలా రాస్తే ఆ తర్వాత నువ్వు చెప్పే ప్రతి మాటకీ విలువ వస్తుంది, ఎందుకంటే నీలాంటివాడికి ఈ సినిమా ఎక్కడ అందిందో ఎక్కడ అందలేదో తెలుస్తుంది. అది చెప్పకుండా "కథే లేదు" అన్నావు. ఐదు భాగాలు, రెండు వేల పేజీలు దాటిన నవల అది. కథ ఎక్కువై, దాన్ని ఐదున్నర గంటల్లో కుక్కడమే అక్కడ కష్టం.

తమిళవాళ్ళ ఇళ్ళల్లో ఆ పేర్లు చుట్టాల పేర్లలాంటివి. 1958లోనే ఎంజీఆర్ దాన్ని సినిమాగా తీస్తానని పూనుకున్నారు, కుదరలేదు. 1999లో ఇక్కడ నందనం వైఎంసీఏ మైదానంలో 'మ్యాజిక్ లాంటర్న్' అనే నాటక బృందం దాన్ని ఆడింది, మీ పెదనాన్నా నేనూ వెళ్ళాం, చీకట్లో గడ్డి మీద కూర్చుని జనం ఊపిరి బిగబట్టి చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. ఆ నాటకానికి స్క్రిప్టు రాసిన కుమారవేల్ ఈ సినిమా స్క్రీన్‌ప్లేలో కూడా ఉన్నారు. అంటే ఇక్కడివాళ్ళు కొత్త కథ చూడటానికి రాలేదు, ఎప్పటినుంచో తెలిసిన మనుషులు ఎలా ఉంటారో చూడటానికి వచ్చారు. మణిరత్నం ఆ నమ్మకం మీదే చాలా వదిలేశారు. మన దగ్గర ఆ నమ్మకం పనిచెయ్యలేదు. తెలుగులో మొదట్లో చిరంజీవి గొంతుతో పరిచయం చేయించారు, తనికెళ్ళ భరణి మాటలు చక్కగా కుదిరాయి, అయినా అరుణ్మొళివర్మ, పొన్నియిన్ సెల్వన్, ముందు ముందు కాబోయే రాజరాజ చోళుడు ముగ్గురూ ఒకడేనని అర్థమయ్యేసరికి మీ అమ్మకి సగం సినిమా అయిపోయింది. చోళ కొలువులో పెద్దలైన పెరియ పళువేట్టరైయర్, చిన్న పళువేట్టరైయర్ అన్నదమ్ములని తెలియడానికి ఇంకో అరగంట. ఇది న్యాయమైన ఫిర్యాదు, దీన్ని గట్టిగా రాయి, ఫలానా సీన్‌లో ఫలానా మనిషి ఎవరో నాకు తెలియలేదు అని సీన్ పేరు పెట్టి మరీ రాయి.

బాహుబలితో పోలిక మాత్రం తీసెయ్యి. నీకు అది నచ్చడంలో తప్పు లేదు, నాకూ నచ్చింది. కానీ ఈ నవల యుద్ధాల నవల కాదు. ఒక ఉత్తరం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్ళే నవల, తలుపు వెనక నిలబడి వినే నవల, అరుణ్మొళి తండ్రి, చోళరాజు సుందర చోళుడు జబ్బుతో మంచం మీద ఉండగా తర్వాత సింహాసనం ఎవరిదని చుట్టూ ఉన్నవాళ్ళు లెక్కలు వేసుకునే నవల. మీ అమ్మ గుసగుసలు అన్నది కదా, ఆ గుసగుసలే అందులో ప్రాణం. నన్నడిగితే రెండో భాగం చివర నవలలో లేని యుద్ధం ఒకటి తెచ్చిపెట్టడమే ఆ సినిమాలో అన్నిటికన్నా బలహీనమైన చోటు. యుద్ధం లేదని తిట్టిన నీలాంటివాళ్ళకీ అది ఆనలేదు, నవల చదివిన మామిలాంటివాళ్ళకీ రుచించలేదు.

ఇప్పుడు నవల చదివినవాళ్ళ ఫిర్యాదుల సంగతి. నువ్వు వాళ్ళని మూర్ఖాభిమానులు అన్నావు, అది కొట్టెయ్యి. వాళ్ళు చెప్పేది రెండు రకాలుగా ఉంటుంది, వినేటప్పుడు విడదీసుకోవడం నేర్చుకో. మొదటిది, ఫలానా పాత్ర లేదు అనే లెక్క. వందియదేవుణ్ణి ప్రేమించి మతి చెదిరి అతని ఒళ్ళోనే చనిపోయే మణిమేకలై సినిమాలో అసలు లేదు. మామి దానికి కన్నీళ్ళు పెట్టుకుంది. నాకూ ఆ పిల్లంటే ప్రాణం. అయినా ఆ పాత్ర తీసేసినా మిగతా కథ నిలబడింది, ఐదున్నర గంటల్లో ఎవరో ఒకరు పోక తప్పదు, సరే అనుకున్నాను.

రెండో రకం వేరు. ఒకటి తీస్తే ఇంకోటి కూలిపోవడం. సేందన్ అముదన్ ఉన్నాడే, తంజావూరులో గుడికి పూలమాలలు కట్టి ఇచ్చే అబ్బాయి, సినిమాలో అక్కడక్కడా కనిపించి వెళ్ళిపోతాడు. నవలలో అతనే మునుపటి చోళ రాణి సెంబియన్ మాదేవికి పుట్టిన అసలు కొడుకు, పురిట్లోనే బిడ్డలు మారిపోయి మూగతల్లి దగ్గర పెరిగాడు. చివరికి అరుణ్మొళి తన తలకి రావాల్సిన కిరీటాన్ని ఆ పూలబ్బాయి తల మీద పెడతాడు. పడవ నడిపే పూంగుళలి అతన్ని పెళ్ళి చేసుకుని రాణి అవుతుంది. నేను మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయాను. సినిమాలో అరుణ్మొళి కిరీటం ఇవ్వడమైతే ఇచ్చాడు, కానీ ఇచ్చింది ఆ రాణి దగ్గర పెరిగి, అంతదాకా కుట్రల్లో ఉన్న మధురాంతకుడికే. త్యాగం అని మనకి తెలుస్తుంది గానీ గుండెకి తగలదు, పూంగుళలి ఏమైందో కూడా ఎవరూ చెప్పరు. నువ్వు "క్లైమాక్స్ చప్పగా ఉంది" అని రాశావు చూడు, అది ఈ కారణంగానే. నువ్వు నవల చదవకుండానే ఆ లోటు పట్టుకున్నావు, అందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కాబట్టి ఎవరైనా "ఇది తీసేశారు" అంటే, తీసేశాక మిగిలినదానికి ఏమైందని అడుగు. నువ్వు రాసేటప్పుడు కూడా అదే ప్రశ్న వేసుకో.

కలిపినవి కూడా చూడాలి, అవి ఎవరూ లెక్కపెట్టరు. రెండో భాగం మొదట్లో అరుణ్మొళి అన్న కరికాలుడు, తర్వాత పెరియ పళువేట్టరైయర్‌ని పెళ్ళాడిన నందిని, ఈ ఇద్దరి చిన్నప్పటి ప్రేమ చూపించారు కదా, సారా అర్జున్ చేసింది ఆ చిన్న నందినిగా. నవలలో అది గుర్తుచేసుకునే మాటల్లో వస్తుంది తప్ప అంత పొడుగున కళ్ళ ముందు జరగదు. నాకు ఆ పది నిమిషాలు చాలు, ఆ సినిమా నాది అనిపించింది. విక్రమ్, ఐశ్వర్యా రాయ్ ఎదురెదురుగా నిలబడే చివరి గదికి బలం అక్కణ్ణుంచే వచ్చింది. నవలలో కరికాలుణ్ణి ఎవరు పొడిచారో చీకట్లోనే వదిలేస్తారు, కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఉడైయార్‌గుడి శాసనంలో రవిదాసుడి లాంటి ద్రోహుల పేర్లు ఉన్నాయి, అయినా చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. సినిమా దాన్ని ఇద్దరి ప్రేమ ముగింపుగా తీసుకుంది. మామి ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నాను, దాని మీద మేమిద్దరం రెండు రోజులు కాఫీ తాగుతూ వాదించుకున్నాం. అలాంటి వాదన ఎంత బాగుంటుందో నీకు తెలియాలి.

భాషల గొడవలోకి మాత్రం అస్సలు దిగకు. "వాళ్ళ సినిమా, మన సినిమా" అన్న వాక్యం నీ రివ్యూలో రెండుసార్లుంది. నన్నయ్యగారిని భారతం తెనిగించమన్న రాజరాజ నరేంద్రుడు ఎవరనుకున్నావు? నువ్వు తెర మీద చూసిన ఈ అరుణ్మొళికి స్వయానా కూతురి కొడుకు. తన మేనత్త పేరే పెట్టిన ఆ కూతురు కుందవైని వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. ఆ సినిమాకి కోటలు, మండపాలు కట్టించిన తోట తరణి మనవారు, వానతిగా చేసిన శోభిత ధూళిపాళ మన పిల్ల. ఇందులో వాళ్ళదేది, మనదేది? ఆ తమిళ అబ్బాయికి నువ్వే ముందు ఫోన్ చెయ్యి. సారీతో ఆపకుండా, నీకు ఏ సీన్ పోయిందని బాధగా ఉందో చెప్పు అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా విను. సీన్ పేరు చెప్పి మాట్లాడేవాళ్ళకే జవాబివ్వు, ఊరికే తిట్టేవాళ్ళని వదిలెయ్యి, వాళ్ళ కోసం నిద్ర పాడుచేసుకోకు.

ఇంకో మాట, నవల మొత్తం చదివాకే రాయాలని నేననను. అలాగైతే నువ్వు ఎప్పటికీ రాయవు. తెలుగు అనువాదం తెచ్చుకుని మొదటి అధ్యాయం ఒక్కటి చదువు, అరగంట పని. తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజు, వీరనారాయణ చెరువు నిండుగా ఉంటుంది, వందియదేవుడు గట్టు మీద గుర్రం నడుపుకుంటూ ఆ డెబ్బై నాలుగు తూముల్లోంచి దూకే నీళ్ళు చూస్తుంటాడు. సినిమా అక్కడ మొదలవదు, కరికాలుడి యుద్ధంతో మొదలవుతుంది. ఎందుకలా చేసి ఉంటారో ఒక పేజీ రాసి నాకు పంపు. ఆ చెరువు ఇప్పటికీ ఉందిరా, వీరాణం అంటారు, మద్రాసు కుళాయిల్లో వచ్చే నీళ్ళలో కొన్ని అక్కణ్ణుంచే వస్తాయి.

వచ్చే ఆదివారం ఇంటికి వెళ్తావు కదా, మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి భాగం మళ్ళీ పెట్టు. ముందు ఒక తెల్లకాగితం మీద ఎవరు ఎవరికి ఏమవుతారో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు, ఆవిడకి కళ్ళజోడుతో కూడా చిన్నవి కనబడవు. ఈసారి కూడా ఎక్కడ లేచిపోతానంటుందో, ఎక్కడ "ఆగు, మళ్ళీ వెనక్కి పెట్టు" అంటుందో రాసుకో. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రివ్యూ తిరగరాయి, అయ్యాక ముందు నాకు పంపు, మామికి నేనే చదివి వినిపిస్తాను.

మీ పెద్దమ్మ