రెండు దేశాల ఆరోగ్య సర్వేలో వయసు, చదువు, ఆదాయం ఎందుకు అడుగుతారు?

రెండు దేశాల మధ్య కనిపించిన తేడా అలవాట్లదా, లేక జవాబు ఇచ్చినవాళ్ల వయసు, లింగం, చదువు, ఆదాయాలలోని తేడాదా అని తేల్చుకోవడానికే. వ్యాయామం, పొగతాగడం, వైద్యుడి దగ్గరికి వెళ్లడం వంటివన్నీ వీటిని బట్టి మారతాయి. ఒక దేశం నుంచి వృద్ధులు, మరో దేశం నుంచి కాలేజీ పిల్లలు ఎక్కువగా వస్తే సగటులను పక్కపక్కన పెట్టడం శుద్ధ దండగ. అందుకే ముందు ఒకే వయసువాళ్లను ఒకరితో ఒకరిని పోలుస్తారు, లేదా రెండు నమూనాలలోనూ (జవాబు ఇచ్చినవారి గుంపులలో) ఏ వయసువాళ్లు ఎంతమంది అనే పాళ్లు ఒకటే అయినట్టు లెక్కను సర్దుతారు.

2002-03లో కెనడా, అమెరికా కలిసి చేసిన ఆరోగ్య సర్వే చూడండి. 18 ఏళ్లు నిండినవారిని రెండు చోట్లా ఒకే ప్రశ్నావళితో ఫోనులో అడిగారు. ప్రశ్నలు ఒకటే అయినా ప్రజలు ఒకటి కాదు: అమెరికాలో ఆరోగ్య బీమా లేనివారు ఉన్నారు, కెనడాలో ప్రభుత్వ బీమా దాదాపు అందరికీ ఉంది. కాబట్టి బీమా ఉన్న అమెరికన్లను, లేనివారిని విడదీసి కెనడియన్లతో పోల్చారు. తేడా దేశానిదా, బీమాదా అన్నది అక్కడే బయటపడుతుంది.

చాలామంది పొరబడేది ఒకచోట. సర్వే నివేదికలో వయసు, చదువు, ఆదాయం చూపే మొదటి పట్టికను ఆ దేశ జనాభా చిత్రంగా చదువుతారు. అది జవాబు ఇచ్చినవారి చిత్రం మాత్రమే. ఈ కెనడా-అమెరికా సర్వేలో ఇంటి ఫోను లేనివారికి చోటే లేదు. వేలమందిని అడిగినంత మాత్రాన ఆ లోటు తీరదు.