బావి తవ్వకముందు ఊరి ఆరోగ్యం లెక్క ఎవరు రాస్తారు?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసి ఏడాదైంది. అప్పు చేసైనా అమలాపురంలో క్లినిక్ పెట్టిద్దామని నేను అనుకుంటుంటే, తను ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతానంటోంది. కొత్తగా చమురు, గ్యాస్ పడిన చోట జనం ఆరోగ్యం మీద పనిచేస్తుందట. ఆఫ్రికా దేశాల పేర్లు కూడా చెబుతోంది. మా బావమరిది మస్కట్‌లో ఉంటాడు, సేఫ్టీ కోర్సు చేయించి తన దగ్గరికి పంపమంటాడు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మండినప్పుడు ఊరొదిలి వెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం. మళ్ళీ పిల్లని ఆ చమురు దగ్గరికే పంపాలంటే మనసొప్పడం లేదు. అసలు ఇది ఉద్యోగమేనా? — ఒక తండ్రి

జవాబు: నమస్కారమండి. మీరు చివర్లో అడిగినదానికి ముందు చెబుతాను. ఇది ఉద్యోగమే. క్లినిక్ పెట్టినట్టు మొదటి నెల నుంచీ కళ్ళకు కనిపించే ఉద్యోగం కాదు కాబట్టి మీకు టెన్షన్‌గా ఉంది. అది సహజం.

పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. ఆ రోజులు ఎలా గడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క మాట అడుగుతాను. మంట ఆరి మీరు ఇంటికి తిరిగొచ్చాక, ఏడాదికో రెండేళ్ళకో ఎవరైనా మీ గుమ్మంలోకి వచ్చి, ఆయాసం ఉందా, పిల్లలకి దగ్గు వస్తోందా, తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు అని అడిగి రాసుకున్నారా? రాసుకున్నా సరే, మంటకు ముందు మీ ఊళ్ళో ఎంతమందికి ఆయాసం ఉండేదో చెప్పే కాగితం లేకపోతే ఈ కాగితానికి బలం ఉండదు. "ఆయాసం ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే కదా" అంటే ఎదురు చెప్పడానికి మన చేతిలో ఏమీ ఉండదు. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఆ ముందటి కాగితం రాయడం. దాన్ని బేస్‌లైన్ అంటారు.

చమురు వల్ల జబ్బు అనగానే మనకు పొగ గుర్తొస్తుంది. నిజానికి ఊళ్ళోకి ముందు వచ్చేది లారీ. సర్వే అయిన మర్నాటి నుంచి పంచాయతీ రోడ్డు మీద భారీ బళ్ళు తిరుగుతాయి, బడికెళ్ళే పిల్లలు అదే రోడ్డు దాటాలి. తర్వాత ఇంటికి దూరంగా, చేతిలో జీతం డబ్బుతో వందల మంది మగవాళ్ళు వస్తారు. ఒక్కో గదిలో పదేసి మంది ఉంటే టీబీ పాకుతుంది, హెచ్ఐవీ, మద్యం కూడా వెంటే వస్తాయి. మట్టి తవ్విన గోతుల్లో నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి. ఇంటద్దెలు, కూరగాయల ధరలు పెరిగి, చమురుతో సంబంధం లేని కూలి కుటుంబం తిండి తగ్గించుకుంటుంది. కంపెనీ క్లినిక్‌లో ఎక్కువ జీతం వస్తుందని ప్రభుత్వ ఆసుపత్రి నర్సు అటు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సంగతి మిగులు గ్యాసును కాల్చే ఫ్లేర్ మంట, చమురులో ఉండే బెంజీన్ అనే రసాయనం, హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ చివరి గ్యాసు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా, ప్రమాదం తప్పింది అనుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటారు.

ఇక ప్రమాదాలు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కాలిన ఒళ్ళతో ఉన్నవాళ్ళని అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు పరుగున తీసుకెళ్ళాల్సి వచ్చింది. పైపు ఎందుకు తుప్పుపట్టిందనేది ఇంజినీర్లు తేల్చాల్సిన సంగతి. కాలిన గాయాల వార్డు ఎంత దూరంలో ఉంది, అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వస్తుంది, గ్యాస్ లీకైన ఉదయం పొయ్యి వెలిగించకూడదని ఇంటింటికీ ఎవరు చెప్పాలి అనేవి మాత్రం పబ్లిక్ హెల్త్ ప్రశ్నలు. వీటిని పైపు వేసే రోజునే అడగాలి.

మీ అమ్మాయి ఆఫ్రికా పేరు ఎందుకు ఎత్తిందో నాకు తెలుసు. ఈ చదువులో తప్పకుండా చెప్పే కథలు రెండు అక్కడివే.

ఒకటి నైజీరియాది. ఆ దేశంలో 1956లో చమురు పడింది. ఓగోనీల్యాండ్ అనే ప్రాంతంలో దశాబ్దాల పాటు తోడారు. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అక్కడి నేల, నీళ్ళు పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఒక ఊళ్ళో జనం తాగుతున్న బావి నీళ్ళలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లు పైన ఉంది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో రుజువైంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళందరి పేర్లతో వైద్య రిజిస్టరు తెరవాలని, వాళ్ళ ఆరోగ్యాన్ని జీవితాంతం కనిపెట్టి చూడాలని ఆ నివేదిక సూచించింది. చూశారా, అన్నేళ్ళ తర్వాత కూడా రిజిస్టరు అడగాల్సి వచ్చింది.

రెండోది ఈక్వటోరియల్ గినీది. ఇది బాగా జరిగిన పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1990ల మధ్య నుంచి ఆ చిన్న దేశంలో చమురు డబ్బు పొంగింది. తలసరి ఆదాయం ఆఫ్రికాలో పైవరసకు వెళ్ళింది, పసిపిల్లల చావులు మాత్రం దానికి తగ్గట్టు తగ్గలేదు. అప్పటి రాజధాని మలాబో ఉన్నది బియోకో అనే దీవిలో. గ్యాస్ ప్లాంటూ అక్కడే. దీవి నిండా మలేరియా. ప్లాంటు కంచె లోపల మందు కొట్టి ఊరుకుంటే దోమ ఆగదు కదా. 2004 నుంచి అక్కడి ప్రభుత్వం, మారథాన్ చమురు కంపెనీ డబ్బు పెట్టి దీవి మొత్తం మీద ఇంటింటా మందు కొట్టించాయి. మందు కొట్టేముందు పిల్లల రక్తం పరీక్షించారు. నూటికి నలభై మందికి పైగా ఒంట్లో మలేరియా క్రిమి ఉందని తేలింది. ఇళ్ళ కిటికీలకు వలలాంటి ఉచ్చులు బిగించి, పడిన దోమలు ఏ జాతివో, ఎన్నో లెక్కపెట్టారు.

ఆ లెక్క వల్ల ఏం జరిగిందంటే, మొదటి విడత మందుకు ఒక జాతి దోమలు పడిపోయాయి గానీ రెండో జాతి తగ్గలేదు. ఆ దోమకు ఆ మందు పనిచేయడం లేదని ఉచ్చుల్లో పడిన దోమల లెక్కే చెప్పింది. వెంటనే వేరే మందుకు మారారు. లెక్కపెట్టే మనిషి లేకపోతే ఏళ్ళ తరబడి పనికిరాని మందు కొడుతూనే ఉండేవాళ్ళు. ఏటా సర్వే చేస్తూ వెళ్ళారు. 2016 నాటికి పిల్లల్లో మలేరియా నూటికి పది దరిదాపులకు దిగింది. పూర్తిగా పోలేదు. ప్రధాన భూభాగానికి వెళ్ళొచ్చేవాళ్ళ ద్వారా మళ్ళీ వస్తోందని తెలిసింది, అదీ ప్రయాణాల వివరాలు అడిగి రాసుకోబట్టే. మీ అమ్మాయి కలగంటున్నది ఇలాంటి పని. నేనైతే మంచి కలే అంటాను.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థినికి ప్రాజెక్టు పని ఉంటే తోడుగా ఒక పీహెచ్‌సీకి వెళ్ళాను. ఓపీ రిజిస్టరు చూడనిచ్చారు. పొడుగాటి పుస్తకం, చేత్తో గీసిన గళ్ళు. పేరు, వయసు, జబ్బు, మందు. దగ్గు, ఆయాసం, గొంతునొప్పి అన్నిటికీ కలిపి "ఏఆర్‌ఐ" అని ఒక్క మాట. ఊరి పేరు రాయాల్సిన గడిలో పేజీలకు పేజీలు "లోకల్" అని ఉంది. ఆ అమ్మాయి మూడు గంటలు కూర్చుని నోట్‌బుక్ మూసేసింది. బావుల గ్యాస్ సేకరించే స్టేషన్ పక్కనున్న ఊరివాళ్ళు ఎవరో, ఎనిమిది కిలోమీటర్ల అవతలి ఊరివాళ్ళు ఎవరో తేలనప్పుడు ఎవరికి జబ్బు ఎక్కువో ఎలా చెబుతాం? అక్కడి నర్సు తప్పేం లేదు. ఉదయం నుంచి వంద మందిని చూసే చేయి అది. ఆ గడిలో ఊరి పేరు ఎందుకు రాయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. దాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్ళు జిల్లాకు ఇద్దరున్నా చాలు, ఎంత మారుతుందో అని ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులో అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

చదువు విషయానికి వద్దాం. ఎంపీహెచ్ రెండేళ్ళు. బీడీఎస్ వాళ్ళను చాలాచోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల ఎంబీబీఎస్ మాత్రమే అడుగుతారు. నోటిఫికేషన్‌లో అర్హత గీతగీసి చదవండి. తిరువనంతపురంలో శ్రీచిత్ర తిరునాళ్ సంస్థవారి అచ్యుత మేనన్ సెంటర్‌కు ఈ రంగంలో చాలా మంచి పేరుంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉన్నాయి. గాలి, నీళ్ళు, రసాయనాల వైపు మనసుంటే చెన్నై శ్రీరామచంద్ర సంస్థలో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగం గురించి తప్పకుండా వాకబు చేయండి. అహ్మదాబాద్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ ఉంది. చదువు మధ్యలో ప్రాజెక్టుకు అక్కడికి వెళ్ళగలిగితే చాలా మంచిది. ఎక్కడ చేరినా రెండు సబ్జెక్టుల్లో గట్టిపడమనండి: ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో తేల్చే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల గణితం). ఆసుపత్రి మేనేజ్‌మెంట్ తేలిగ్గా ఉంటుందని చాలామంది అటు పోతారు. మీ అమ్మాయి చేస్తానన్న పనికి అది అక్కరకు రాదు.

ఒక తలుపు మూసే ఉందని కూడా చెప్పాలి. ఫ్యాక్టరీల్లో, రిఫైనరీల్లో మెడికల్ ఆఫీసర్ ఉద్యోగం ఎంబీబీఎస్ వాళ్ళది. దానికి అడిగే ఏఎఫ్‌ఐహెచ్ అనే మూడు నెలల కోర్సు కూడా వాళ్ళకే. బీడీఎస్ మీద అటు ఆశ పెట్టుకోకండి. పని జరిగే చోట గాలిలో ఏముందో, చప్పుడు ఎంతో, వేడి ఎంతో కొలిచే ఇండస్ట్రియల్ హైజీన్ వైపు వెళ్ళొచ్చు.

మీ బావమరిదిగారు చెప్పిన సేఫ్టీ కోర్సు చెడ్డదేం కాదు. దానితో గల్ఫ్‌లో స్థిరపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆ ఉద్యోగం సైటు గేటు లోపల. హెల్మెట్, పర్మిట్, పడిపోకుండా బెల్టు. గేటు బయట ఊరు దాని పరిధిలోకి రాదు. మీ అమ్మాయి మనసు గేటు బయట ఉంది. ఒకదానికి బదులు ఇంకొకటి చేయిస్తే రెండేళ్ళకే విసిగిపోతుంది.

ఉద్యోగాలు ఎక్కడంటారా? మొదట్లో జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు పోస్టులు, ఐసీఎంఆర్ పరిశోధన ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు. జీతం మొదటి మూడు నాలుగేళ్ళు సాదాగానే ఉంటుంది, ప్రాజెక్టు అయిపోగానే ఇంకోటి వెతుక్కోవాలి. ఇది మీరు ముందే తెలుసుకోవాలి. ప్రాజెక్టుకు ముందు మన దగ్గర రాసే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికల్లో ఊరి ఆరోగ్యానికి దక్కే చోటు చాలా చిన్నది. నాకు బాధ కలిగించే సంగతి అదే. పెద్ద అంతర్జాతీయ బ్యాంకుల అప్పుతో కట్టే ప్రాజెక్టుల్లో మాత్రం పరిస్థితి వేరు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ 2006లో పెట్టి 2012లో సవరించిన ప్రమాణాల్లో చుట్టుపక్కల జనం ఆరోగ్యం, భద్రతకు విడిగా ఒక ప్రమాణం ఉంది. అందుకే అక్కడ హెల్త్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే ప్రాజెక్టు వల్ల జనం ఆరోగ్యం ఎలా మారుతుందో ముందే అంచనా వేయడం తెలిసినవాళ్ళు కావాలి.

ఆఫ్రికాలో ఉగాండాను చూడండి. ఆల్బర్ట్ సరస్సు పక్కన 2006లో చమురు ఉందని తేలింది, అక్కణ్ణుంచి టాంజానియా రేవు టాంగాకు 1,443 కిలోమీటర్ల పైపులైను. మలేరియా ఎక్కువ, పొరుగు జిల్లాల్లో ఎబోలా కూడా వచ్చి వెళ్ళిన ప్రాంతం. పని చాలా ఉంది. అయితే అలాంటి దేశాలు తమవాళ్ళకే ముందు ఉద్యోగాలివ్వాలని చట్టం చేసుకుంటున్నాయి. అది న్యాయం కూడా. ఇక్కడ నాలుగైదేళ్ళు పనిచేసి, రెండు మూడు సర్వేలు సొంత చేతులతో నడిపిన మనిషిని పిలుస్తారు. డిగ్రీ పట్టుకుని వెళ్ళిన కొత్త పిల్లని పిలవరు. కాబట్టి ఆఫ్రికా గురించి ఇప్పుడే బెంగ పడకండి. తను వెళ్ళేనాటికి ఎలా ఉండాలో, ఎలా మెలగాలో తెలిసిన మనిషై ఉంటుంది.

ఇంకొక్క మాటండి. క్లినిక్ అప్పు ఇప్పుడు చేయకండి. కుర్చీ, ఎక్స్‌రే కొన్నాక ఈఎంఐ కోసం తను ఆ క్లినిక్‌కు కట్టుబడిపోతుంది. తన బీడీఎస్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ మాత్రం మానొద్దనండి. రేపు మనసు మారితే క్లినిక్ ఎప్పుడైనా పెట్టొచ్చు.

ప్రవేశ ప్రకటనలు వచ్చేలోగా తనకు చిన్న పని చెప్పండి. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగారిని కలిసి, అనుమతి తీసుకుని, రెండు నెలలు వారానికి రెండు రోజులు ఓపీ దగ్గర కూర్చోమనండి. ఆశా కార్యకర్తతో కలిసి బావికి దగ్గరి ఊరొకటి, దూరపు ఊరొకటి ఇంటింటికీ తిరగమనండి. ఎండలో, ఉక్కలో, ఒకే ప్రశ్న నలభై ఇళ్ళలో అడిగి, ఒకే తీరుగా రాసుకుని రావాలి. రెండు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ తీసుకుని తనే నాకు రాయమనండి. ఏ కాలేజీకి అప్లికేషన్ పెట్టాలో అది చూసి మాట్లాడుకుందాం.