మేనమామ షెడ్డులో ఉండనివ్వాలా, గల్ఫ్ పంపాలా?

ప్రశ్న: మాది గాజువాక. మావాడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్లు చదివి పాసయ్యాడు. ఏడాదిగా ఆటోనగర్‌లో వాళ్ల మేనమామ షెడ్డుకి వెళ్తున్నాడు. పాత స్కిడ్ స్టీర్ లోడర్లకు (ముందు బకెట్ ఉండే చిన్న బండ్లు) అరిగిన పిన్నులు (కీళ్ల దగ్గరి ఇనుప కడ్డీలు), బుష్‌లు (ఆ కడ్డీ చుట్టూ ఉండే గొట్టాలు) మార్చడం, బకెట్లకు వెల్డింగ్ చేయడం అక్కడ పని. జీతమంటూ లేదు, మామ ఖర్చులకు ఇస్తాడు. సమ్మెట కొట్టడానికి ఐటీఐ ఎందుకని ఇంట్లో రోజూ గొడవ. డిప్లొమాలో చేర్పించాలా? హెవీ ఎక్విప్‌మెంట్ మెకానిక్‌గా గల్ఫ్ పంపిస్తానని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: ఈ రాత్రి మీవాడు భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి. ‘మొన్న మార్చిన పిన్ను ఎందుకు అరిగిందిరా?’ అని. ‘గ్రీజు కొట్టలేదు’ అంటే సగం మార్కులు. గ్రీజు కొడుతున్నా ఎందుకు అరిగిందో చెప్పగలిగితే, వాడు షెడ్డులో ఏడాది వృథా చేయలేదు.

మన వైపు అందరూ బాబ్‌క్యాట్ అనే ఈ బండి పుట్టింది అమెరికాలోని మిన్నెసోటాలో. 1957లో కెల్లర్ అన్నదమ్ములు ఒక టర్కీ కోళ్ల రైతు కోసం, షెడ్డులో పెంట ఎత్తడానికి దీని మొదటి రూపం తయారుచేశారు. ఇరుకు చోట తిరగడమే దీని గొప్ప. అందుకే కన్వేయర్ల కింద రాలిన సరుకు ఎత్తడానికీ, ఓడ అడుగున మూలల్లో మిగిలిన బొగ్గు పోగేయడానికీ వాడతారు. దీని చక్రాలు కారు చక్రాల్లా పక్కకి తిరగవు. ఒక వైపు చక్రాల వేగం తగ్గిస్తే బండి జారుతూ మళ్లుతుంది. బకెట్ నేలకి ఆనించి అలా మళ్లిస్తే పక్కకి నెట్టే ఒత్తిడంతా పిన్నుల మీద పడుతుంది. దానికి బొగ్గు దుమ్ము తోడైతే గ్రీజు కాస్తా ఇసుక కలిపిన ముద్దలా మారి, కాపాడాల్సిన ఇనుమునే అరగదీస్తుంది. కొత్త గ్రీజు లోపలికి వెళ్లి ఆ పాత ముద్ద బయటికొచ్చే దాకా గన్ నొక్కాలి. చాలామంది రెండు పోట్లు పొడిచి వదిలేస్తారు.

ఇక సమ్మెట సంగతి. పిన్ను మాత్రమే అరిగితే పిన్ను మారుస్తారు. బుష్ అరిగిపోతే బుష్ మారుస్తారు. ఇంతవరకు ఆర్నెల్లలో ఎవరైనా నేర్చుకుంటారు. లూజు వచ్చినా ఓనరు పట్టించుకోకుండా తిప్పితే, బుష్ కూడా పోయి ఆర్మ్‌లోని (బకెట్‌ని ఎత్తే ఇనుప చేయి) రంధ్రమే కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కోలగా ఉన్న రంధ్రంలోకి కొత్త బుష్ కొట్టి, చుట్టూ నాలుగు వెల్డింగ్ చుక్కలు పెట్టి పంపేసే షెడ్లు ఉన్నాయి. ఆ బండి మళ్లీ వస్తుంది, తిట్లతో సహా. సరిగ్గా చేయాలంటే రంధ్రం లోపల వెల్డింగ్‌తో నింపి, లైన్ బోరింగ్ మెషీన్ బిగించి, రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీత మీదకి వచ్చేలా కొలతకి కొట్టాలి. ఆ గీత కొంచెం తప్పినా పిన్ను దూరదు. దూరనప్పుడే సమ్మెట అవసరం పడేది!

ఒక షెడ్డులో నేను చూసిన పని చెబుతాను. ఎంత కొట్టినా బుష్ కదలడం లేదు. ముసలి మేస్త్రి కుర్రాణ్ని పక్కకి జరగమని, బుష్ లోపలి గోడ మీద పొడవునా ఒక గీతలా వెల్డింగ్ లాగాడు. బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. చల్లారేటప్పుడు ఆ వెల్డింగ్ ముడుచుకుంటూ బుష్‌ని లోపలికి లాగింది. తర్వాత రెండు దెబ్బలకే బయటికి జారింది. కొత్త బుష్‌ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చాడు. చల్లబడి సన్నబడిన బుష్ పెద్ద గొడవ లేకుండా కూర్చుంది. ఇనుము వేడికి సాగుతుందని, చలికి ముడుచుకుంటుందని మీవాడు ఐటీఐలో చదివే ఉంటాడు. చదివినది చేతిలోకి వచ్చేది ఇలాంటి చోటే.

కాబట్టి నా సలహా ఇది: ఇంకో ఏడాదిన్నర షెడ్డులోనే ఉండనివ్వండి, కానీ షరతులతో. ఒకటి, కొలత. వెర్నియర్, మైక్రోమీటర్ వాడి సొంతానికి కొనివ్వండి. పిన్నుని మూడు చోట్ల, ప్రతిచోటా అడ్డంగా, నిలువుగా కొలిచి నోట్‌బుక్కులో రాసుకోవాలి. రెండోది, వెల్డింగ్. 7018 రకం వెల్డింగ్ రాడ్డుని తేమ లేకుండా ఆరబెట్టి వాడటం, ఎర్త్ క్లాంప్‌ని వెల్డింగ్ చేసే చోటుకి దగ్గరగా పెట్టడం అలవాటు కావాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. లేత్ మేస్త్రి దగ్గర కూడా కూర్చోవాలి. మామూలు ఈఎన్8 రకం ఉక్కు షాఫ్టుని లేత్ మీద తిప్పి పిన్ను అని ఇచ్చేస్తే అది ఎన్నాళ్లో ఆగదు. పిన్ను పైపొర గట్టిపడాలి, లోపల మాత్రం విరగకుండా ఓర్చుకునే గుణం ఉండాలి. హార్డెనింగ్ చేయించి తెచ్చారా అని అడిగే కుర్రాడికి మార్కెట్లో విలువ వేరే. బ్యాక్‌హోలకీ, ఎక్స్‌కవేటర్లకీ ఉండేవి కూడా ఈ పిన్నులూ బుష్‌లే కాబట్టి పని ఒక్క బండికే పరిమితం కాదు.

ఇంకో షరతు మీరే స్వయంగా వెళ్లి మీ బావమరిదికి చెప్పాలి. ఎత్తిన ఆర్మ్ కింద, దాని సపోర్టు లాక్ వేయకుండా మీవాడు తల పెట్టకూడదు. జాకీనో కట్టెదుంగో పెట్టి ‘ఏం కాదులే’ అనే షెడ్డయితే ఈరోజే మాన్పించండి. గట్టి పిన్ను మీద నేరుగా సుత్తితో కొడితే చిన్న పెచ్చు లేచి కంట్లో పడొచ్చు. మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టాలి, కళ్లద్దాలు ఉండాలి. బకెట్ తగిలించాక, దాన్ని బండికి పట్టి ఉంచే కింది వెడ్జ్ పిన్నులు రంధ్రాల్లోంచి పూర్తిగా దిగాయో లేదో వంగి కంటితో చూడాలి. లివర్ పడింది కదా అనుకుంటే, అరిగిన వెడ్జ్ జారి బకెట్ ఊడి ఎవరి కాళ్ల మీదైనా పడుతుంది.

డబ్బుల మాట. మేనమామ కదా అని మొహమాటపడి మీరు అడగరు, అల్లుడే కదా అని ఆయన ఇవ్వడు. ఇది చుట్టరికానికీ మంచిది కాదు. నెలకింత అని మాట్లాడుకుని, బ్యాంకు ఖాతాలో వేయించండి. రేపు ఎక్కడికి వెళ్లినా అనుభవానికి రుజువు అడుగుతారు. ఖర్చులకిచ్చిన డబ్బుకి రుజువుండదు. వీలైతే మధ్యలో ఏదైనా పెద్ద కంపెనీలో అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తు పెట్టించండి. పూర్తి చేసి పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం షెడ్డులో దొరకదు.

డిప్లొమా తలుపు మూసుకుపోలేదు. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. వాడికి చదవాలని ఉంటే వెళ్లనివ్వండి. మీ గొడవ తీరడం కోసం మాత్రం పంపొద్దు.

గల్ఫ్‌కి ఇప్పుడే వద్దు. అక్కడ ట్రేడ్ టెస్టు పెడితే బొమ్మ చూసి భాగాల పేర్లు చెప్పడం కాదు, చేసి చూపించమంటారు. ఏడాది అనుభవంతో వెళితే హెల్పర్‌గానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. మూడేళ్ల తర్వాత, ఒంటరిగా ఒక ఆర్మ్‌కి లైన్ బోరింగ్ చేయగలిగాక వెళ్లమనండి. అప్పుడు కూడా ఏజెంటు లైసెన్సుని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోండి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లోనూ అడగండి. ఈలోగా ఆ ఏజెంటు మళ్లీ వస్తే టీ ఇచ్చి పంపండి, పాస్‌పోర్టు మాత్రం బీరువాలోంచి తీయకండి.