బడిపిల్లల నోటి నుంచి నమూనా తీయబోయే ముందు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

కనిగిరి వైపు పల్లెల్లో చదువుకునే పిల్లల లాలాజలంలో పళ్ళు పుచ్చడంలో పాలుపంచుకునే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియా, క్యాండిడా అనే ఈస్టులు (ఒక రకం శిలీంధ్రాలు) ఏ మేరకు ఉన్నాయో లెక్కగట్టడం నీ పీజీ థీసిస్ అంశమని మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన ప్రణాళిక శ్రద్ధగా చదివాను. సూక్ష్మజీవులను పెంచే మీడియా గురించీ, వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ గురించీ పేజీల కొద్దీ వివరంగా రాశావు కానీ, పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నమూనా తీసే ఆ కాసేపటి గురించి రెండు వాక్యాలతో సరిపెట్టావు. డెంటల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పినన్నాళ్ళూ నేను చూసినదేమిటంటే, ఇలాంటి పనిలో అంకె నమ్మదగినదా కాదా అన్నది చాలావరకు బడి వరండాలోనే తేలిపోతుంది; అక్కడ పోయినదాన్ని ఎంత మంచి ల్యాబు కూడా తిరిగి తేలేదు.

ముందుగా అనుమతుల సంగతి. ఎథిక్స్ కమిటీ, హెడ్మాస్టరు, తల్లిదండ్రులు సరేనన్నంత మాత్రాన పని పూర్తి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల సమ్మతిని పెద్దవాళ్ళ సమక్షంలో నోటిమాటగానూ, ఆపై వయసు వారిది రాతపూర్వకంగానూ తీసుకోవాలి. దీన్ని సంతకాల తంతుగా చూడవద్దు. వద్దన్న పిల్లవాడిని వదిలేయి. బతిమాలి ఒప్పించి కూర్చోబెట్టిన పిల్లవాడు నోరు బిగించుకుని కూర్చుంటాడు. తల్లిదండ్రులు పగలు పనులకు పోతారు కనుక సాయంత్రం వాడకే వెళ్ళి అనుమతి పత్రం చదివి వినిపించు. బ్యాక్టీరియా, ఈస్టులు ఆరోగ్యంగా ఉన్నవారి నోట్లో కూడా ఉంటాయనీ, అవి కనబడితే జబ్బు ఉన్నట్టు కాదనీ అప్పుడే స్పష్టంగా చెప్పు. ఈ ఒక్క మాట ముందుగా చెప్పకపోతే ఆ మర్నాడు ఊళ్ళో ఏ బిడ్డ నోట్లో పురుగులున్నాయన్న కబుర్లు మొదలవుతాయి.

బడిలో ఉపాధ్యాయులు నీకు సాయపడాలన్న మంచి ఉద్దేశంతోనే పుచ్చుపళ్ళున్న వాళ్ళంతా ఒక వరుసలో నిలబడండని పిల్లలను పిలుస్తారు. ఆ పని జరగనివ్వవద్దని హెడ్మాస్టరుకు ముందే విన్నవించుకో. హాజరు పట్టీ వరుసలో ఒక్కొక్కరినే పిలిపించి, తరగతి గది కిటికీలకు కనబడని చోట కూర్చోబెట్టు. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు నలుగురిలో ఉమ్మడానికి ఎంతగా సిగ్గుపడతారో నీకు చెప్పనక్కర లేదు.

వేళ విషయంలో మాత్రం రాజీ పడకు. మన బడుల్లో రాగిజావ, పల్లీచిక్కీ పెట్టే రోజులు వేరుగా ఉంటాయి. బెల్లం కలిసిన ఆ చిరుతిండి అయిన వెంటనే తీసిన నమూనాకూ, ఏమీ తినకుండా గంట సేపు ఉన్నాక తీసిన నమూనాకూ పొంతన కుదరదు. నమిలి మింగినప్పుడు నోట్లోని సూక్ష్మజీవులు కొన్ని కడుపులోకి కొట్టుకుపోతాయి, మిగిలిన తీపి ట్యూబులోకి కూడా వచ్చి అక్కడ ఆమ్లం తయారవుతుంది. అందుచేత పిల్లలందరికీ ఒకే వేళ పెట్టుకో: పొద్దున బడి మొదలయ్యాక, తిని కనీసం గంట దాటాక. పొద్దున పళ్ళు దేనితో తోముకున్నారో, అసలు తోముకున్నారో లేదో కూడా రాసుకో. వేపపుల్ల, పళ్ళపొడి, పేస్టు అని మూడు గడులు పెట్టుకుంటే చాలు.

మందుల చరిత్ర అంతకంటే ముఖ్యం. ఈ మధ్య యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో బ్యాక్టీరియా తగ్గి ఈస్టులు పెరుగుతాయి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చే పిల్లల్లో కూడా క్యాండిడా ఎక్కువగా దొరుకుతుంది. అయితే యాంటీబయాటిక్ వాడారా అని అడిగితే ఏ తల్లీ జవాబు చెప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు సీసాలో పొడి ఉండి, దానికి నీళ్ళు కలిపి పట్టే మందు ఇచ్చారా అని అడుగు. వెంటనే గుర్తు చేసుకుని, ఖాళీ సీసా గూట్లో ఉంటే తెచ్చి కూడా చూపిస్తారు.

ఇక లాలాజలం తీసే పద్ధతి. పిల్లవాడిని నిటారుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచమని, ఒకసారి గుటక వేయించి, ఆపై మింగకుండా ఊరినదాన్ని గరాటు పెట్టిన ట్యూబులోకి జారవిడవమని చెప్పు. ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. తొందరపెడితే నోరు ఎండుకుపోతుంది. నీ ప్రణాళికలో ఒక లోపం ఇక్కడే ఉంది. మిల్లీలీటరుకు లక్ష కాలనీలు (ప్లేటు మీద పెరిగే సూక్ష్మజీవుల గుంపులు) దాటితే దంతక్షయం ముప్పు ఎక్కువని నీవు పెట్టుకున్న గీత, పారఫిన్ మైనం నమిలించి తీసిన లాలాజలానికి చెందినది. నమలడం వల్ల పళ్ళ గారలోని (పంటి మీద పేరుకునే సూక్ష్మజీవుల పొరలోని) మ్యూటన్స్ ఊడి లాలాజలంలోకి వస్తాయి. ఊరికే ఊరిన లాలాజలం తీసి ఆ గీతతో పోల్చడం తప్పు. రెండింటిలో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండు. క్యాండిడా ముఖ్యంగా నాలుక పైభాగాన స్థావరం ఏర్పరచుకుంటుంది కనుక దాని కోసం నాలుక మీదా అంగిలి మీదా దూదిపుల్లతో విడిగా స్వాబ్ తీయడం మంచిది.

ట్యూబుల మీద పెన్సిలుతో రాయి. ఐసు పెట్టెలో చెమ్మకు పెన్ను సిరా కరిగిపోతుంది, స్పిరిట్ తగిలితే మార్కరు చెరిగిపోతుంది. నమూనాలు గడ్డకట్టకూడదు, ట్యూబులకు ఐసు నేరుగా ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టు. సాధ్యమైనంత వరకు రెండు గంటల్లో ప్లేటు మీద వేయగలిగినన్ని నమూనాలే ఆ రోజుకు తియ్యి.

ల్యాబు పని నీకు వచ్చు కనుక ఎక్కువ చెప్పను. మ్యూటన్స్‌ను పెంచే మైటిస్ సాలివేరియస్ అగార్‌లో, ఇతర బ్యాక్టీరియాను అణచే టెల్యూరైట్, బాసిట్రాసిన్ రెండూ ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసిన తరువాత, మీడియం చెయ్యి ఓర్చుకునే వేడికి దిగాకే కలపాలి. బాసిట్రాసిన్ బలం త్వరగా తగ్గిపోతుంది కనుక ఆ ప్లేట్లు నిల్వ చేయవద్దు. క్యాండిల్ జార్‌లో (కొవ్వొత్తి వెలిగించి మూసి, ఆక్సిజన్ తగ్గించిన జాడీలో) 37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచాక మ్యూటన్స్ కాలనీలు నల్లటి నీలి రంగులో, గరుకు గాజులా, అగార్‌కు గట్టిగా అతుక్కుని కనబడతాయి. లూపుతో కదిలిస్తే కాలనీ మొత్తం ఒకే ముక్కగా లేస్తుంది, కొన్నిటి నెత్తిన జిగురు బొట్టు మెరుస్తుంది. చక్కెర నుంచి అవి తయారుచేసే గ్లూకాన్ అది. పంటిని పట్టుకుని ఉండేది కూడా ఆ జిగురుతోనే. బాసిట్రాసిన్‌కు, మ్యూటన్స్‌కు దగ్గర బంధువైన సోబ్రైనస్ జాతి కొంత అణగిపోతుందని ఫలితాల్లో తప్పక రాయి. ఈస్టుల విషయంలో, క్యాండిడా ఆల్బికాన్స్ జాతిని మొలకలాంటి గొట్టాన్ని బట్టి గుర్తించే జెర్మ్ ట్యూబ్ పరీక్షను సీరంలో 37 డిగ్రీల వద్ద మూడు గంటలు దాటనివ్వకు. 1995లో గుర్తించిన క్యాండిడా డబ్లినియెన్సిస్ జాతి కూడా ఆ పరీక్షకు ఆల్బికాన్స్ లాగే స్పందిస్తుందని మరవకు.

ఫలితాలు రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. క్లార్క్ 1924లో పుచ్చుపళ్ళ నుంచి మ్యూటన్స్‌ను వేరు చేశాడు, కానీ ఒక్క పుచ్చు కూడా లేని పిల్లల నోట్లోనూ అది దొరుకుతుంది. పదే పదే తీపి తగిలి, పంటిపై ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కంటే దిగువన ఎక్కువసేపు నిలిచినప్పుడే ఎనామిల్ (పంటి పై పొర) కరుగుతుంది. మ్యూటన్స్, క్యాండిడా ఒకే గారలో కలిసి ఉన్నప్పుడు గార మందమై ఆమ్లం పెరుగుతుంది కనుక రెండూ ఉన్న పిల్లలను విడిగా విశ్లేషించు. ఆ ప్రాంతపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళ మీది గోధుమ రంగు మచ్చలను పుచ్చుగా లెక్కించకుండా ఫ్లోరైడ్ మచ్చల తీవ్రతను కొలిచే డీన్ సూచికతో వేరుగా నమోదు చెయ్యి, ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో కూడా రాసుకో.

చివరగా నేను పట్టుబట్టేది ఒకటుంది. ఆ పిల్లల లాలాజలం తీసుకుని థీసిస్ కట్టించుకుని వచ్చేయడం నాకు సమ్మతం కాదు. ఆరేళ్ళకు పాలపళ్ళ వెనక వచ్చే శాశ్వత దవడపన్ను కూడా పాలపన్నే, ఊడి మళ్ళీ వస్తుందనుకుని చాలామంది తల్లులు పుచ్చినా పట్టించుకోరు. ఆ పన్ను పోతే మళ్ళీ రాదని ప్రతి తల్లికీ, పిల్లవాడి నోటిలోనే వేలు పెట్టి చూపించి చెప్పు. చికిత్స కావలసిన పిల్లల జాబితాను బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందానికి అందజేసి, ఒక ప్రతిని హెడ్మాస్టరు దగ్గర ఉంచు. ఆ జాబితాలో కాలనీల అంకెలు వద్దు. ఏ పంటికి ఏం చేయించాలో తెలుగులో రాస్తే చాలు. అనుమతి పత్రం మొదటి ముసాయిదా తయారవగానే నాకు పంపు, తల్లులకు చదివి వినిపించే భాగం ఇద్దరం కలిసి సరిచేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ