లాంగ్స్ పీక్ ఎక్కడానికి మెట్ల అలవాటు చాలుతుందా?

ప్రశ్న: నేను డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊరికి వచ్చిన ప్రతిసారీ అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరుకోవడం నాకు అలవాటు. ఆగస్టులో ఇండియా నుంచి వస్తున్న మా బావమరిదితో కలిసి ఇక్కడి కొలరాడో రాష్ట్రంలోని లాంగ్స్ పీక్ శిఖరాన్ని కీహోల్ దారిలో ఎక్కాలనుకుంటున్నాను. తాడు అక్కర్లేని సులువైన దారి అంటున్నారు. మాలాంటివాళ్లు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: మీరు వెళ్లవచ్చు. అయితే ‘సులువు’ అన్న మాటను పర్వతారోహకులు ఏ అర్థంలో వాడతారో ముందు తెలుసుకోవాలి. అమెరికాలో కొండదారులకు కష్టాన్ని బట్టి ఇచ్చే శ్రేణుల్లో ఇది మూడోది. చేతులు వాడకుండా ఎక్కలేము, కానీ వేసవిలో బండ పొడిగా ఉన్నప్పుడు సాధారణంగా తాడు కట్టుకోరు అని దాని అర్థం. చేతికి పట్టు, కాలికి ఊతం దొరకడం కష్టం కాదు గనుక సులువంటారు. జారితే మనిషిని ఆపేది ఏదీ లేని చోట్లు ఇదే దారిలో ఉన్నాయన్న సంగతి ఆ మాటలో లేదు. ఈ శిఖరం ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ అధికారులు కూడా దీన్ని నడకదారిగా భావించవద్దని స్పష్టంగా హెచ్చరిస్తున్నారు.

మెట్ల వల్ల వచ్చిన కాళ్ల సత్తువ మీకు తప్పకుండా ఉపయోగపడుతుంది. రానూపోనూ దూరం సుమారు 24 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. శిఖరం ఎత్తు 4,346 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు అరవై శాతమే. 1,600 మీటర్ల ఎత్తున కాపురముంటున్న మీ సంగతి వేరు, విమానం దిగిన మీ బావమరిది సంగతి వేరు. ఆయన వచ్చిన మొదటి వారంలో ఈ ప్రయత్నం చేయకండి. ముందు ఇంతకన్నా తక్కువ ఎత్తున్న కొండలు రెండు మూడు కలిసి ఎక్కండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మొదలైతే ఓర్చుకోవడం కాదు, దిగడమే మందు.

అసలు పరీక్ష కీహోల్ దగ్గర మొదలవుతుంది. పెద్ద బండరాళ్ల మైదానం దాటాక కొండ అంచులో తాళపుచెవి రంధ్రంలా కనిపించే గండి అది. అంతవరకు మీరు కొండకు తూర్పు వైపున ఉంటారు గనుక పడమటి ఆకాశం కనిపించదు. అక్కడి వాన మబ్బులు పడమటి నుంచే ఎక్కువగా వస్తాయి. గండిలో నిలబడినప్పుడే ఆ ఆకాశం మొదటిసారి కనబడుతుంది, గాలి ముఖానికి కొడుతుంది. నేను మొదటిసారి అక్కడి నుంచే వెనుదిరిగాను. అవతల లెడ్జెస్ అనే అరుగుల మీద, బండలో పాతిన ఇనుప కడ్డీల దగ్గర, రాయి తడిసినట్టు నిగనిగలాడింది. వేలితో తాకితే అది గాజుపొరంత పలుచని మంచు. పొడి బండ మీద చక్కగా పట్టే బూటు దాని మీద క్షణం కూడా నిలవదు.

కీహోల్ తర్వాత బండల మీద పసుపు, ఎరుపు రంగు గుర్తులు దారి చూపిస్తాయి. ట్రఫ్ అనే నిటారు దొనలో వదులు రాళ్లు చాలా ఉన్నాయి, పైవాళ్ల కాలి కింద నుంచి దొర్లుతాయి, కాబట్టి హెల్మెట్ తప్పనిసరి. దాని కొసన బండల మధ్య ఇరుక్కున్న రాయిని దాటడమే చాలామందికి కష్టం. తర్వాత ఇరుకైన నారోస్, చివరికి నున్నటి పలకల హోమ్‌స్ట్రెచ్. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు బండను ఆనుకొని ఉండగా నాలుగోదాన్ని మాత్రమే కదపండి. పైకి వేసే ప్రతి అడుగు ముందు, ఇదే చోట కిందికి దిగగలనా అని ఆలోచించండి, ఎందుకంటే తిరుగుదారీ ఇదే, అప్పటికి కాళ్లు అలసి ఉంటాయి.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పిడుగులు సర్వసాధారణం. అందుకే తెల్లవారుజామున మూడింటికల్లా తలదీపాలతో బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే శిఖరం వదిలి దిగుతుండాలి. పది గంటలకు ఇంకా ట్రఫ్ కిందే ఉంటే తిరిగి రండి. ఒకరు ‘వద్దు’ అంటే ఇద్దరూ దిగాలని, ఎందుకని ప్రశ్నించకూడదని, బండి దిగేముందే మీరిద్దరూ మాట అనుకోండి.